ఓడల తాత

"ఇవాళ ఓడ బయల్దేరిందా బాబూ?"

తిరువూరు బస్టాండు పక్కన టికెట్ల షాపు నడిపే సురేష్ బాబు షట్టరు తీయగానే అంతోనయ్యది ఇదే ప్రశ్న. పోర్ట్ బ్లెయిర్ నుంచి అండమాన్ నికోబార్‌లో చివరి దీవికి వెళ్లే ఓడ గురించి. రెండేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు. ఒక్క టికెట్టూ కొన్న పాపాన పోలేదు.

ఏ ఊరివాడో ఎవరికీ తెలీదు. చర్చి వెనక అద్దెగదిలో ఒక్కడే ఉంటాడు. అందరూ ఓడల తాత అనేవాళ్లు.

ఆ రోజు దగ్గర్లోని పెనుగొలను నుంచి కరుణశ్రీ వచ్చింది. ఆ చివరి దీవి ఆసుపత్రిలోనే ఆమెకు నర్సు ఉద్యోగం వచ్చింది.

"పోర్ట్ బ్లెయిర్ దాకా విమానం. అక్కణ్ణించి ఓడా, హెలికాప్టరా?" అడిగాడు సురేష్ బాబు.

"హెలికాప్టరే అన్నా. నీళ్లంటే నాకు చచ్చేంత భయం."

బెంచీ మీది అంతోనయ్య లేచాడు.

"ఓడెక్కమ్మా. మబ్బు పడితే హెలికాప్టరు ఎగరదు. ఓడలో అయితే మూడో రోజు సాయంత్రం దీవి మీద దీపం కనపడుద్ది. రెండుసార్లు వెలిగి ఆగుద్ది. అది చూశాక ఇంక భయం ఉండదు."

"ఎప్పుడైనా ఈ పక్కనున్న ఎ.కొండూరు దాటావా తాతా?" సురేష్ బాబు నవ్వాడు. కరుణశ్రీ కూడా నవ్వింది.

తాత నొచ్చుకోలేదు.

"కనపడితే ఈ షాపుకి ఒక్క ఫోన్ చెయ్యమ్మా. వెలుగుతోందని చెప్తే చాలు. నాకింకేం వద్దు."

"అలాగేలే తాతా" అంది, వదిలించుకోడానికి.

పోర్ట్ బ్లెయిర్‌లో నిజంగానే మబ్బు పట్టింది. మొదటి రోజే ఓడ ఒకటి ఆమె కళ్లముందే వెళ్లిపోయింది. ఇవాళ కాకపోతే రేపు ఎగురుతుందంటూ హెలికాప్టర్ కోసం తొమ్మిది రోజులు కాచుకుంది. ఉద్యోగంలో చేరాల్సిన గడువు ముంచుకొచ్చాక, ఏడుపుమొహంతో తర్వాతి ఓడెక్కింది.

మూడో రోజు సాయంత్రం. ఎటు చూసినా నీళ్లే. ఓడ అంచున కడ్డీ గట్టిగా పట్టుకుని ప్రార్థన చేసుకుంటోంది.

దూరంగా దీపం. రెండుసార్లు వెలిగింది. ఆగింది. మళ్లీ రెండుసార్లు.

భయం పోయింది. ఆ రోజు నవ్వినందుకు సిగ్గేసింది. దీవి దగ్గర పడి సిగ్నల్ అందగానే షాపుకి ఫోన్ చేసింది.

"అన్నా, అంతోనయ్య తాతకివ్వు. దీపం వెలుగుతోందని చెప్పాలి."

అవతల సురేష్ బాబు గొంతు తగ్గించాడు.

"తాత పోయాడమ్మా. నాలుగు రోజులైంది. మంచంలో ఉండి కూడా నువ్వు ఫోన్ చేశావా అనే అడిగాడు. నా అన్నవాళ్లు ఎవరూ లేరుగా, చర్చివాళ్లే సమాధి చేశారు."

ఆ మొదటి ఓడ ఎక్కి ఉంటే తాత వినేవాడు. ఆమెకు దుఃఖం ఆగలేదు.

పక్కన తాళ్లు చుడుతున్న ముసలి సరంగు ఆ పేరు విని టోపీ తీశాడు. శ్రీకాకుళం మనిషి.

"లైట్‌హౌస్ అంతోనయ్యా? భార్య పుట్టిన ఊరని, రిటైరయ్యాక తిరువూరు వెళ్లాడే, ఆయనేనా?"

"ఆయన మీకెలా తెలుసు?"

సరంగు దీపం వైపు చూశాడు.

"సునామీలో భార్య, ఇద్దరు బిడ్డలు కొట్టుకుపోయిన రోజు, సాయంత్రం అయ్యేసరికి ఒక్కడే మెట్లెక్కి మా ఓడ కోసం ఆ దీపం వెలిగించినవాడు తల్లీ."