పెచ్చులూడిన అంకె

"ఇంకాస్త వెనక్కి వెళ్లి తియ్యి, తల్లీ," అన్నాడు షౌకీ.

"వెనక గోడే కదా, బాబాయ్. వైడ్ లెన్సు తెచ్చిందే అందుకు. దగ్గర నుంచే మొత్తం పడుతుంది," అంటూ రావియా విమానం ముక్కు దగ్గరికి జరిగింది.

బయట లారీవాడు హారన్ కొడుతున్నాడు. మ్యూజియంలోని ఈ పాత యుద్ధ విమానాన్ని కాసేపట్లో తుక్కు కింద పట్టుకుపోతారు. కైరో ఆసుపత్రిలో రావియా తల్లి, తన భర్త నడిపిన విమానాన్ని ఫొటోలోనైనా చూసి పోవాలని ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంది.

రావియా కెమెరా దించింది. "ఈ ముక్కు మీది నంబరులో రంగు లేచిపోయిన ఆరు కింద ఇంకో అంకె కనిపిస్తోంది. ఇది నాన్న విమానం కాదా?"

షౌకీ విమానం చక్రం పట్టుకుని నిలబడ్డాడు. "మీ నాన్నది సముద్రంలో పడింది, తల్లీ. ముక్క కూడా దొరకలేదు. ఆ రోజు దాన్ని సిద్ధం చేసి పంపిన మెకానిక్కుని నేనే. మీ అమ్మ వచ్చి ఆయన విమానం ఏదని అడిగితే, లేదనలేక దీనికి ఆయన విమానం నంబరు వేశాను. ముప్పై ఏళ్లుగా ప్రతి శుక్రవారం వచ్చి దీన్నే నిమిరి వెళ్లింది. ఇప్పుడు చెప్పకు. నీ కాళ్లు పట్టుకుంటాను."

ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి తల్లి. రావియా స్పీకరు నొక్కింది.

"తీశావా?"

"ఇంకా లేదమ్మా."

"తీసే ముందు ఆ ఆరు మీద కాస్త రంగు పుయ్యమను షౌకీని. నిరుటి నుంచీ పెచ్చులూడి కింది నంబరు బయటపడుతోంది. నేను చెబితే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను."