లేడు అని రాయడం

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక రాత్రిబడిలో దిద్దిన అక్షరాలివి, మెల్లగా నడుస్తాయి.

యారాడ కొండ కింద చీకటి పడింది. చిట్టమ్మ అలల అంచున కూర్చుంది. ఏడేళ్ల కిందట ఆమె మొగుడు అప్పన్న ఇక్కణ్ణుంచే చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఏడేళ్లు నిండాయి గనక, చనిపోయినట్టేనని సర్కారు కాయితం మీద రాసివ్వాలి.

"అత్తా, సంతకం ఎట్టాల్సింది రేపు కాయితం మీద, ఇసక మీద కాదు. రా!" గట్టు మీంచి కోడలు దేవి కేకేసింది.

"మీ మావ లేడని రాయాల కదే. సెయ్యి అలవాటు సేసుకుంతన్నాను."

ఏడుపేమీ రాలేదు. వేలితో "అప్పన్న లేడు" అని రాసింది. అల వచ్చి వెళ్లింది. "లేడు" చెరిగిపోయింది. నీటికి దగ్గరగా ఉన్న "అప్పన్న" మాత్రం అలాగే ఉంది. మళ్లీ రాసింది. మళ్లీ "లేడు" ఒక్కటే పోయింది.

అంత హోరులోనూ ఒక్క క్షణం ఆమెకేమీ వినిపించలేదు.

ఇక రాయబుద్ధి కాలేదు. చదువు రాని రోజుల్లోలా బొటనవేలు ఇసుకలో నొక్కింది. అల ఆమె చేతి మీంచి పోయింది. వేలు తీసేసరికి తన ముద్ర పక్కన ఇంకొకటి ఉంది, పెద్దది. దాని మధ్యలో అడ్డంగా ఒక గీత. అప్పన్న బొటనవేలికి గాలం కోసిన మచ్చ అలాగే ఉండేది.

ఆ కాయితం మీద ఇంతవరకూ పెట్టని సంతకం ఇక్కడ పెడుతున్నాను: చిట్టమ్మ, అరవై నాలుగేళ్లు, ఇప్పుడు ఉంటున్నది గాజువాకలో.