ముప్ఫై ఒకటో పేజీ

"ఒక్క గుక్క," అన్నాడు కోల్బీ.

"అర గుక్క కూడా లేదు." వ్యాయామం చేయించే వెర్నన్ తడిగుడ్డతో అతని పెదాలు అద్దాడు. "నీళ్ళు తాగావంటే ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే. నరాలన్నీ చర్మం కిందికి వెళ్ళి దాక్కుంటాయి. షాట్ అయ్యాక బకెట్ తెచ్చిస్తాను, గేదెలా తాగు."

నిన్న పొద్దుటినుంచీ కోల్బీ గొంతులో చుక్క పడలేదు. నాలుక వెళ్ళి అంగిటికి అంటుకుపోయింది. అట్లాంటా శివార్లలోని స్టూడియోలో బొగ్గుగని సెట్టు వేశారు. ఆ దీపాల వేడికి ఊరికే నిలబడ్డవాళ్ళకే చెమటలు కారుతున్నాయి. కోల్బీ ఒంట్లో మాత్రం కారడానికేమీ మిగల్లేదు. అందుకని మేకప్ పిల్ల వచ్చి, సీసాలోంచి చెమట పిచికారీ కొట్టి వెళ్ళింది. హీరో అంటే అంత సుఖం మరి!

డైరెక్టర్ ఆడ్రా కామిక్ పేజీ ఒకటి పట్టుకుని, దాన్నీ అతన్నీ మార్చి మార్చి చూస్తోంది. ముప్ఫై ఒకటో పేజీ. కూలిన గని కప్పు దూలాన్ని వీపు మీద మోస్తూ, ఒక మోకాలు నేలకానించి ఉన్న కామిక్ హీరో బొగ్గుమనిషి. లెక్కపెట్టుకోవచ్చు అతని పక్కటెముకలు. ఒంటి మీద ప్రతి నరమూ తాడులా తేలి ఉంది.

"కథ ఎవడిక్కావాలి కోల్బీ? జనం వచ్చేది ఈ బొమ్మ కోసం. దీన్ని ఒంటి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్ళున్నారు. కిందటిసారి తీసినవాళ్ళు హీరోకి రబ్బరు కండలు తొడిగారు. హాల్లో జనం పడీ పడీ నవ్వారు. ఈసారి ఒక్క ఎముక తేడా వచ్చినా మన గొయ్యి మనం తవ్వుకున్నట్టే."

"ఈ బొమ్మ గీసినాయన ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోవాలి. ఆయన తలూపితే అభిమానులందరూ ఊపుతారు. ఊపాడా, వేషం నీది. లేదా..."

లేదా ఏమిటో కోల్బీకి తెలుసు. ఇది పరీక్ష షాటే. ఇంకో కుర్రాడు పక్క భవనంలో ఇప్పటికే పస్తులుంటున్నాడు. ఇది పోతే తనకి మళ్ళీ టూత్‌పేస్టు ప్రకటనలే గతి. ఈ వేషం కోసం కోల్బీ నీళ్ళే కాదు, ఊపిరి మానెయ్యమన్నా మానేసేలా ఉన్నాడు.

ఆ బొమ్మ గీసిన ఎల్మర్ హడాక్ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. వెస్ట్ వర్జీనియా కొండల్లోంచి వచ్చిన ముసలాయన. గళ్ళ చొక్కా, కోటు జేబులో నీళ్ళ సీసా. కోల్బీ దూలం కింద మోకాలు ఆనించి కూర్చున్నాడు. ముసలాయన కళ్ళద్దాలు తుడుచుకుని, అతని చుట్టూ తిరిగి చూశాడు.

"ఎలా ఉన్నాడు హడాక్ గారూ? మీ పేజీలోంచి లేచొచ్చినట్టు లేడూ?" అంది ఆడ్రా.

"భుజాలు సరిపోయాయి. డొక్కలూ సరిపోయాయి. పెదాలు కూడా అచ్చం ఇలాగే పగిలి ఉండేవి." తల అడ్డంగా ఊపాడు. "కానీ వీడు వాడు కాదు."

కోల్బీ దూలం కింద ఇంకాస్త వంగాడు.

"ఎక్కడ తేడా?" అంది ఆడ్రా.

"కళ్ళు. నిక్షేపంగా మెరుస్తున్నాయి."

"ఇంకో పూట ఎండబెడదామా?" అన్నాడు వెర్నన్, అదేదో చేప సంగతైనట్టు.

ముసలాయన అతనివంక ఎగాదిగా చూశాడు. జేబులోంచి సీసా తీసి, మూత విప్పి, కోల్బీ చేతిలో పెట్టాడు.

"తాగు బాబూ."

"ముట్టావంటే చంపుతా!" వెర్నన్ అరిచాడు.

సీసా చల్లగా ఉంది. నీళ్ళకి వాసన ఉంటుందని అతనికి ఆ క్షణంలోనే తెలిసింది. ఏడుపొచ్చింది కానీ కన్నీళ్ళు రాలేదు.

ఆడ్రా ఒళ్ళు మండినా ఓపిక పట్టింది. "హడాక్ గారూ, ఇది ఊహించి గీసిన ఒళ్ళు కాదు. ఎవరినో చూసి గీశారు. ఆ మనిషెవరో చెప్పండి. ఎక్కడున్నా విమానం ఎక్కించి తెప్పిస్తాం. కళ్ళెలా పెట్టాలో మావాడు చూసి నేర్చుకుంటాడు."

"ఆయన రాడమ్మా."

"అడిగి చూద్దాం."

"మా నాన్న," అన్నాడు ముసలాయన. "గని కూలినప్పుడు లోపల ఉండిపోయాడు. తవ్వుకుంటూ వెళ్ళేసరికి దూలం కింద ఇలాగే, మోకాలి మీద, కొయ్యలా బిగుసుకుపోయి ఉన్నాడు. దూలం ఆయన్ని చంపలేదు. దాహం చంపింది. చిన్నపిల్లాణ్ణి, చూడొద్దని అమ్మ నా కళ్ళు మూసినా వేళ్ళ సందుల్లోంచి చూశాను. శవాన్ని గీస్తే కామిక్ ఎవడు కొంటాడు? అందుకని బరువు మోస్తున్నట్టు గీశాను."

వెర్నన్ చేతిలోని తడిగుడ్డ ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు. ఆడ్రా చేతిలోని పేజీని బోర్లా తిప్పింది. సినిమా మనిషే అయినా మనిషే కదా.

"తాగు కోల్బీ," అంది. "ఇవాళ్టికి చాలు. రేపు ఇంకోలా ఆలోచిద్దాం."

ఇంకోలా అంటే ఇంకొకడితోనా? కోల్బీ సీసావంక చూశాడు. మూత జాగ్రత్తగా బిగించి ముసలాయనకి తిరిగి ఇచ్చేశాడు. దూలం కింద వీపు సర్దుకున్నాడు. రెప్పలు సగం వాల్చి, చూపుని ఎక్కడా ఆనకుండా వదిలేసి, దవడ జారవిడిచి, రొమ్ము కదలకుండా ఊపిరి బిగబట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

ముసలాయన చేతిలోంచి కర్ర జారి కింద పడింది.

"ఇప్పుడు చూడండి పెద్దాయనా," అన్నాడు కోల్బీ, పెదాలు కదపకుండా. "మీ నాన్నలా ఉన్నానా?"