ముందు వరుసలో మూడో కుర్చీ

“అయ్యా, ఆ కుర్చీ ఒకరి కోసం ఉంచాం. కాస్త వెనక్కి వెళ్లి కూర్చోగలరా?”

ఆ మాట అన్నది సాక్షాత్తూ ఆనాటి సన్మానితురాలు, సూక్ష్మజీవశాస్త్ర విభాగపు ప్రొఫెసర్.

ముందు వరుస మూడో కుర్చీలో గుడ్డసంచి ఒళ్లో పెట్టుకొని కూర్చున్న ముసలాయన గబుక్కున లేవబోయాడు. మోకాలు పట్టేసింది. కుర్చీ చేతిని ఆనుకొని మెల్లగా లేచాడు.

“తలుపుకు దగ్గరగా ఉందని కూర్చున్నానమ్మా. తప్పయింది.”

“ఫరవాలేదండీ,” అని ఆమె వేదిక ఎక్కింది.

ఆమె శిష్యురాలు ఆయనను చివరి వరుసకు తీసుకువెళ్లింది.

“తాతగారూ, మీరూ సైన్సేనా?”

“ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి.”

“పేపర్లేమైనా వేశారా?”

“రెండు. అందులో ఒకటి తప్పని తర్వాత నేనే తేల్చాను.”

శిష్యురాలికి నవ్వు ఆగలేదు. “అంటే మిగిలింది ఒకటేనన్నమాట! మా మేడంవి నూట నలభై రెండు.”

“తెలుసమ్మా. అన్నీ చదివాను.”

‘ముసలాయన కోతలకేం తక్కువ లేదు’ అనుకొంది శిష్యురాలు.

వేదికపై అధ్యక్షుడు వివరాలు చదివాడు. నూట నలభై రెండు వ్యాసాలు. వాటిలో మొదటిదాన్ని ఒక్కదాన్నే ఇతర శాస్త్రవేత్తలు తొమ్మిది వేల సార్లు ఉదహరించారు. అద్దకం మిల్లుల మురుగును తిని బతికే సూక్ష్మజీవిని లోకానికి చూపింది ఆ వ్యాసమే. దాని పుణ్యమా అని ఎన్నో నదుల్లో చేపలు తిరిగి ఈదుతున్నాయి.

చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

ప్రొఫెసర్ మైకు అందుకొంది.

“ఆ తొమ్మిది వేలలో నా వాటా సగమే. నేను మొదట పంపిన వ్యాసంలో, ఆ మురుగులో ఏ జీవీ బతకదని రాశాను. పత్రికవాళ్లు దాన్ని తప్పొప్పులు చూడమని ఒక పరిశీలకుడికి పంపారు. ఆయన పేరు బయట పెట్టకూడదన్నది నియమం. ఆయన ఒకే ఒక్క ప్రశ్న రాసి తిప్పి పంపారు. మూడు రోజులు తిట్టుకున్నాను. నాలుగో రోజు జవాబు వెతకడం మొదలుపెట్టాను. రెండేళ్లు పట్టింది. వ్యాసం తలకిందులైంది, నా బతుకు నిలబడింది.”

ఆమె ముందు వరుస వైపు చేయి చూపింది.

“అప్పటినుంచి నా ప్రతి సభలోనూ ఆయనకొక కుర్చీ ఖాళీగా ఉంచుతున్నాను. ఇరవై ఎనిమిదేళ్లుగా! ‘ఆ పరిశీలకుణ్ణి నేనే’ అంటూ నలుగురు పెద్దమనుషులు వచ్చారు కూడా. ప్రశ్నేమిటని అడిగితే నలుగురూ నీళ్లు నమిలారు.”

హాలంతా నవ్వింది.

“ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు కూడా. రేపటితో నా ఉద్యోగం ముగుస్తుంది. ఇలాంటి సభ మళ్లీ ఉండదు. ఆయనకు నమస్కరించకుండానే వెళ్లిపోతున్నానన్నదొక్కటే లోటు. సరే, సందేహాలుంటే అడగండి.”

“రిటైరయ్యాక ఏం చేస్తారు మేడం?” ఎవరో అడిగారు.

“ముందు నిద్రపోతాను.”

మళ్లీ నవ్వులు.

అప్పుడు చివరి వరుసలో ముసలాయన లేచాడు. శిష్యురాలు కాస్త భయంగానే మైకు అందించింది.

“పన్నెండు సీసాలు పెట్టామని రాసి, పట్టికలో పదకొండే చూపించారు. ఏడో సీసా ఏమైందమ్మా?”

“తాతగారూ, మేడం సీసాల మాటే ఎత్తలేదు కదా!” శిష్యురాలు ఆయన మోచేయి పట్టి గుసగుసలాడింది.

ప్రొఫెసర్ చేతిలోని మైకు బల్ల మీద పెట్టేసింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె దాచుకున్న ప్రశ్న అదే.

అప్పట్లో పదకొండు సీసాల్లో నీళ్లు తేటగా ఉండగా, ఆ ఏడోది ఒక్కటే మసకబారింది. పాడైందనుకొని దాన్ని ఆమె లెక్కలోంచి తీసేసింది. తీరా చూస్తే ఆ మసక, మురుగును తిని పెరిగిన ఆ సూక్ష్మజీవే.

ఆమె వేదిక దిగింది. చివరి వరుస దాకా నడిచి, ఆయన సంచిని తన చేతిలోకి తీసుకొంది.

“ఇదంతా ఆ ఏడో సీసాలోదే మాస్టారూ!”

“నేను పేరు చెప్పుకోకూడదు కదమ్మా. అందుకే ప్రశ్న అడిగాను.”

ఆయనెవరో అర్థమై సభ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్ల మధ్యనుంచి ఆమె ఆయనను చేయి పట్టి ముందు వరుసకు నడిపించుకొని వచ్చింది.

గంట క్రితం ఏ కుర్చీలోంచి తానే ఆయనను లేపిందో, ఆ కుర్చీ ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన కోసమే ఖాళీగా ఉంది.