చిలగడదుంపల బుట్ట

“అత్తయ్యా, ఏమైనా తిన్నారా?”

కుట్టుమిషన్ మీద సగం జాకెట్టు వదిలేసి షాపు నుంచి పరుగెత్తుకొచ్చాను. వంటింట్లో చిలగడదుంపల బుట్ట ఖాళీగా ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

“అందులో నా అగ్నిశిఖ దుంపలున్నాయి! పూలతీగ ఎండిపోయిందని నిన్న తవ్వాను. వానలకి మళ్లీ నాటుదామని, ఆరడానికి ఆ బుట్టలో పడేశాను. విషం అత్తయ్యా! చిలగడదుంపలనుకుని ఉడకబెట్టారేమోనని...”

“లేదు. నీ నాలుగు దుంపలూ పెరట్లో పాతేశాను. మంచివి తీసి అలమరలో పెట్టాను. మా నాన్న నాటువైద్యుడు కదా, అవి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.”

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అప్పుడు చూశాను ఆమె ముందున్న కంచం. పొద్దున నేను వండిపెట్టి వెళ్లిన అన్నం, చిక్కుడుకాయ కూర అలాగే ఎండిపోయి ఉన్నాయి.

“మూడు దాటింది. అన్నమెందుకు తినలేదు?”

అత్తయ్య తలెత్తలేదు.

“బుట్టలో పెట్టింది నువ్వేనని తెలుసు. ఎందుకు పెట్టావో తెలియలేదమ్మా.”

‘మీరుండగా ఈ ఇంట్లో నాకు సుఖం లేదు’ అని మొన్న అరిచింది నేనే.

ఏం చెప్పినా నమ్మేలా లేదు. కంచం నా వైపు లాక్కుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

అది మింగేదాకా అత్తయ్య నా గొంతు వైపే చూస్తూ కూర్చుంది.