గాలి ఓడ మీద పేరు

"ఓడ కింద నా పేరు రాయి. అక్షరాలు లావుగా ఉండాలి," అని ఫోర్‌మన్ తివారీ అట్టముక్క చేతిలో పెట్టేసరికి చిన్నారావుకి ఒళ్లు మండిపోయింది.

మండదూ మరి? ఆ గాలి ఓడ బొమ్మ చేసింది చిన్నారావు. బిలాస్‌పూర్ స్టీమ్ షెడ్డులో ఇంజన్లకి నంబర్లు రాసే పెయింటరు అతను. డ్యూటీ దిగాక రోజూ క్వార్టర్ వెనక కూర్చుని ఎనిమిది నెలలపాటు చేశాడు. పైన వెదురుబద్దలకి పాత పంచె బిగించి, గంజి పట్టించిన పెద్ద తిత్తి. దాని కింద డాల్డా డబ్బా రేకుతో ఓడ. ఓడ నడుమ ఇత్తడి బాయిలరు, దానికో పొగగొట్టం, పక్కల గాలిపంకాలు. ఆవిరితో ఆకాశంలో పోయే ఓడ ఎక్కడా లేదని అతనికీ తెలుసు. షెడ్డు మూసేస్తున్నారు, ఆవిరి ఇంజన్లన్నీ తుక్కుకి పోతున్నాయి, ఒక్కటైనా పైకి పోనీ అని అతని ఊహ. బాయిలరుకి ఇంజను నలుపు, పంకాలకి ఎరుపు, అంచు చుట్టూ వెంట్రుకంత పసుపు గీత. ఆ గీత ఒక్కటే మూడు ఆదివారాలు తినేసింది.

తీరా రైల్వే వారోత్సవాల ప్రదర్శనలో బల్ల మీద పెట్టాక పేరేమో తివారీది. షెడ్డు తరఫున వచ్చిన వస్తువు కాబట్టి షెడ్డు పెద్ద పేరే ఉండాలట. ఏం న్యాయం ఇది? కాదంటే రేపు షెడ్డు మూశాక ఏ అడవిలోని స్టేషనుకి తోయిస్తాడో తెలీదు. పళ్లు నూరుకుంటూ, ఆ పేరు చిన్నారావు తన కుంచెతోనే రాశాడు.

సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఆ అట్ట చూసి భార్య బుజ్జమ్మ భగ్గుమంది.

"మీ సేత్తో మీరే రాసీసినారా? సిగ్గు నేదేటి?"

"నన్నేటి సెయ్యమంతావే? ఎవుల వస్తువు మీద ఆళ్ల పేరుండాల. అది సెరిపీసి తన పేరెట్టుకున్నోడు దొంగ కాడేటి?"

పక్కనున్న ఫిట్టరు పోలయ్య నిజమేనన్నాడు. వెనక నిలబడిన పక్క క్వార్టర్ అచ్చియమ్మ కూడా తల ఊపబోయి, బుజ్జమ్మ కనపడగానే మొహం తిప్పుకుంది. వాళ్లిద్దరికీ ఎనిమిది నెలలుగా మాటల్లేవు. ఎరువు తీసుకెళ్లిన సామాను తిరిగి ఇవ్వలేదని అచ్చియమ్మ అంటే, మొగుడి చేత పంపించేశానని సింహాద్రి అప్పన్న మీద ఒట్టేసి మరీ బుజ్జమ్మ తలుపేసుకుంది.

అంతలో పెద్ద ఆఫీసరు పరివారంతో వచ్చాడు. ఒక్కో బల్లా చూసుకుంటూ ఓడ దగ్గర ఆగిపోయాడు. వంగి చూశాడు, పంకా తిప్పి చూశాడు, బాయిలరు మీద గోటితో కొట్టి విన్నాడు. ఇత్తడిలా ఉందే, ఎక్కడిదని తివారీని అడిగాడు.

తివారీ మొహంలో నెత్తురు చుక్క లేదు. షెడ్డు మూసేవేళ ఇత్తడి సామాను మాయమవుతోందని వారం నుంచి విచారణ నడుస్తోంది మరి. నాది కాదు సార్, నేను వేలు కూడా పెట్టలేదు, మొత్తం చేసింది ఈ చిన్నారావే అని హాలంతా వినపడేలా చెప్పేశాడు.

చిన్నారావుకి చెవుల్లో తేనె పోసినట్టయింది. అవును సార్, నేనే చేశానని ముందుకొచ్చాడు.

"మరి ఈ ఇత్తడి?"

చిన్నారావు బల్ల మీది అట్టముక్క సర్దడం మొదలెట్టాడు.

రైల్వే ఇత్తడి అయితే దాని మీద ముద్ర ఉంటుంది, రంగు గీకమన్నాడు ఆఫీసరు. చిన్నారావు ఓడకి అడ్డంపడ్డాడు. రంగు పాడైపోతుందన్నాడు, ఎనిమిది నెలల కష్టమన్నాడు, కావాలంటే ప్రైజు వద్దన్నాడు. చూస్తున్నవాళ్లు అనుకోవాల్సింది అనుకున్నారు. తివారీ మీసం చాటున నవ్వుకున్నాడు.

ఆ నవ్వు బుజ్జమ్మ కంటబడింది. ఇక ఆగలేకపోయింది.

"గీకమనండి బాబూ. మా ఇంట్లో రైల్వే మేకు కూడా నేదు. ఏటి, మాకేటి బయ్యం?"

పోలయ్య గరుకు కాగితం తెచ్చి రుద్దాడు. నలుపు పోయి ఇత్తడి మెరిసింది. రైల్వే ముద్ర లేదు. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి, చుక్కల్లో రంగు ఇరుక్కుని మరీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇదేం భాషని ఆఫీసరు అడిగాడు. తెలుగే, కానీ ఇక్కడే పుట్టి హిందీ బళ్లో చదివిన పోలయ్యకి చదవడం రాదు.

"నాను సదువుతాను. గట్టిగా సదువుతాను, అందరూ ఇనండి," అంటూ బుజ్జమ్మ కొంగు దోపుకుని జనాన్ని తోసుకొచ్చింది. పుట్టింటివాళ్లు పేరు కొట్టించి పెట్టిన సామాను ఇంట్లో బోలెడుంది, అందులోదే ఏదో అయి ఉంటుందని ఆవిడ ధీమా. తివారీ వైపు ఓ చూపు విసిరి బాయిలరు మీదికి వంగింది.

వంగినది వంగినట్టే ఉండిపోయింది. తల తిప్పి మొగుణ్ని చూసింది. చిన్నారావు సీలింగ్ ఫ్యాను వైపు చూస్తున్నాడు.

ఏం రాసుందని ఆఫీసరు రెండోసారి అడిగాడు. అప్పుడు వెనక వరసలోంచి, ఎనిమిది నెలల తర్వాత మొదటిసారిగా, అచ్చియమ్మ పలకరించింది.

"సదవడానికి అంతసేపేటి వదినా? 'పేడాడ అచ్చియమ్మ, బొబ్బిలి' అని ఉంటాది. నా సెంబు మీద నా పేరు నాకు తెల్దేటి?"