నాలుగో బుధవారం

"మూడు బుధవారాల్నించి ఇదే వరస. నీ కొడుకు పరిగెత్తుకొచ్చీసి మా పిల్ల తల నొక్కేత్తన్నాడు. అది గుక్కపట్టి ఏడుత్తంది. ఏటమ్మా ఇది?"

అంగన్‌వాడీ గుమ్మంలోనే గౌరీశ్వరిని నిలేసింది కాసులమ్మ. పద్మనాభం పల్లె నుంచి నెల కిందటే విశాఖ మల్కాపురం చేరిన మనిషి. రెండేళ్ల మనవరాలు శ్రీవల్లిని తీసుకొచ్చి ఇక్కడే కూచుంటుంది. చెవులు మందం కాబట్టి ఆవిడ మాట వీధి చివరిదాకా వినపడింది.

నాలుగేళ్లు నిండినా గౌరీశ్వరి కొడుకు మణికంఠకి మాట రాలేదు. పిలిస్తే తిరగడు, మొహంలోకి చూడడు. కుక్కర్ కూసిందంటే మంచం కింద దూరతాడు. పొద్దునా అంతే. తను గరిటె పడేసి పరిగెత్తి, కూత ఆగేదాకా వాడి చెవులు మూసి నిలబడింది. ఈలోగా కూర మాడింది.

"వాణ్ని ఇక్కడ్నుంచి పంపీకండి మేడమ్," అంది టీచర్ తాయారుతో. "పిల్లల్లో కలిస్తేనే బాగుపడతాడని డాక్టరమ్మ సెప్పింది. నానెక్కడికి తీసుకెళ్లను?"

"నాకు మాత్రం పంపాలనుందా? గుడ్లు పంచే రోజు జనం ఎక్కువ, వాడికి చిరాకేమో. కానీ పసిదానికి ఏదన్నా అయితే అడిగేది నన్నే. ఇవాళ నువ్వే కూచుని చూసుకో. మళ్లీ చేశాడా, ఇక నా చేతుల్లో ఉండదు."

గౌరీశ్వరి గోడవారగా కూచుంది. సంచిలో డాక్టరమ్మ ఇచ్చిన ఫారం ఉంది. 'ఎదుటి పిల్లలు ఏడిస్తే పట్టించుకుంటాడా?' అన్న ప్రశ్న దగ్గర పెన్ను చాలాసేపు ఆడలేదు. చివరికి 'లేదు' దగ్గరే టిక్కు పెట్టింది. సాయంత్రం ఇచ్చెయ్యాలి.

"అలాంటి పిల్లలకి ఎదుటోళ్ల నొప్పి తెల్దమ్మా," అంది కాసులమ్మ, కాస్త మెత్తబడి. "నీ తప్పు కాదులే."

ఆ మెత్తదనమే ఎక్కువ గుచ్చుకుంది.

పదిన్నర. పావు తక్కువ పదకొండు. మూలన మణికంఠ గిన్నె మూత బొంగరంలా తిప్పుతున్నాడు. వాడి వీపు వంక, గడియారం వంక మార్చి మార్చి చూస్తూ కొంగు మెలిపెడుతోంది గౌరీశ్వరి. ఈ ఒక్క పూట గడిస్తే చాలు దేవుడా అనుకుంది.

పదకొండైంది. ప్రతి బుధవారంలాగే పక్కనున్న కంపెనీ సైరన్ టెస్టు మొదలైంది. మల్కాపురంలో పుట్టి పెరిగిన వాళ్లకి ఆ కూత వినపడ్డం ఎప్పుడో మానేసింది. తాయారు గొంతు పెంచి గుడ్లకి పేర్లు పిలుస్తూనే ఉంది. జనం తోసుకుంటున్నారు. చాప మీద శ్రీవల్లి ఏడుపు లంకించుకుంది.

మూత ఆగిపోయింది. మణికంఠ లేచాడు. అందర్నీ తోసుకుంటూ ఒకటే పరుగు.

"సూసావా, మళ్లీ ఎల్తన్నాడు," అంది కాసులమ్మ.

గౌరీశ్వరి ఒక్క ఉదుటున లేచింది. అప్పటికే వాడు పిల్ల తల పట్టేశాడు. అంతే, కడుపులో ఉన్న ఉక్రోషమంతా చేతిలోకొచ్చింది. కొడుకు మీద ఎన్నడూ ఎత్తని చెయ్యి ఎత్తింది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

శ్రీవల్లి ఏడుపు ఆపి వాడి మొహంలోకి చూస్తోంది. వాడు ఆగని సైరన్ కూతకి కళ్లు గట్టిగా మూసుకుని నిలువెల్లా వణుకుతున్నాడు, అయినా కదల్లేదు.

వాడి రెండు అరచేతులూ ఆ పిల్ల చెవుల మీదున్నాయి.